శ్రావణంలో ఆరని బ్రష్షులు

ఫోన్ మోగేసరికి కేతకి బాల్కనీలో పీట వేసుకుని బ్రష్షులు కడుగుతోంది. అరచేతిలో ఒక చుక్క పసిపిల్లల షాంపూ వేసుకుని, దాని మీద కుచ్చుని సున్నాలు చుట్టినట్టు తిప్పుతుంది. నురుగులో రంగు కనిపించకుండా పోయేంత వరకూ కడిగి, తల కిందికి వచ్చేలా తీగకి క్లిప్పు పెట్టి వేలాడదీస్తుంది. తల పైకి పెట్టి ఆరబెడితే నీళ్ళు కుచ్చుని పట్టి ఉంచే రేకు లోపలికి దిగి జిగురు వదిలేస్తుంది. తర్వాత ఏ పెళ్ళికూతురి బుగ్గ మీదో వెంట్రుకలు రాలతాయి. పంతొమ్మిదేళ్ళుగా చుంచుడా ఊళ్ళో పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేస్తోంది కేతకి. ఒకరి మొహం తాకిన బ్రష్, కడిగి పూర్తిగా ఆరాకే ఇంకొకరి మొహానికి తగలాలి. అది ఆమె తనకి తాను పెట్టుకున్న నియమం.

ఆ ఆరడం దగ్గరే వచ్చింది చిక్కు. శ్రావణం సగమైంది. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వారం నుంచి వాన. గంగ మీది నుంచి వచ్చే గాలి కూడా తడిగుడ్డతో తుడిచినట్టే ఉంటోంది.

“నా చొక్కాలకి ఒక్క క్లిప్పు మిగల్చలేదు. ఈ ఉడత తోకలకి మాత్రం తీగంతా కావాలి,” అన్నాడు భర్త శిబేన్, మోగుతున్న ఫోన్ తెచ్చి ఇస్తూ.

“నీ చొక్కా తీసుకెళ్ళి ఎవరి కంట్లోనూ పెట్టను కదా. ఎవరు?”

“మినతి పిషి. జాగ్రత్త, గొంతు అప్పుడే తారాస్థాయిలో ఉంది.”

మినతి పిషి ఎల్లుండి శుక్రవారం పెళ్ళికూతురు కాబోయే తితిర్‌కి మేనత్త. పెళ్ళింటి పెత్తనమంతా ఆవిడదే.

“కేతకీ, నీ చేతి చలవ ఎంతటిదో ఒకసారి వచ్చి చూసుకుంటావా? పిల్ల కళ్ళు రెండూ మందారపువ్వులయ్యాయి. జయ్ బాంగ్లా!”

కళ్ళకలకని చుంచుడాలో ముసలీ ముతకా అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. కేతకి చేతిలోని బ్రష్ బకెట్లోకి జారింది.

“ఎప్పటినుంచి, పిషీ?”

“నిన్న సాయంత్రం నుంచి. ఆదివారం నువ్వేగా ట్రయల్ అని గంటసేపు దాని మొహం మీద కూర్చున్నది? ఆ కళ్ళ మీద నువ్వు తప్ప ఇంకెవరు చెయ్యి పెట్టారు చెప్పు. ఊళ్ళో వాళ్ళందరి మొహాలూ తుడిచిన బ్రష్షులాయె.”

“నేను వస్తున్నాను,” అంది కేతకి.

“ఏమంటోంది?” అన్నాడు శిబేన్. విన్నాక నవ్వేశాడు. “నీ బ్రష్షుల మీదా ఆవిడ అనుమానం? నీ బ్రష్షులు కడిగిన నీళ్ళు తాగొచ్చని ఊళ్ళో అమ్మలందరూ అంటారు. ఆ మాటే చెప్పి రా.”

అదే చెప్పలేనిది. ఆదివారం జరిగింది శిబేన్‌కి కూడా తెలియదు.

ఆ రోజు మూడింటికి కాబేరి వచ్చింది. పక్క వీధిలో ఉండే పాటల టీచరు. సాయంత్రం క్లబ్బులో పాడాలి, కాస్త మొహం దిద్దమంది. ఆమె ఇంకా కుర్చీ దిగకముందే, ఐదింటికి రమ్మన్న తితిర్ నాలుగింటికే తడిసిన గొడుగుతో వచ్చి నిలబడింది. కళ్ళకి వాడే సన్నబ్రష్షులు తీగ మీద ఉన్నాయి. ముట్టుకుంటే కుచ్చు మొదట్లో ఇంకా చెమ్మ. చెమ్మ బ్రష్‌తో రంగు అద్దితే కంటిరెప్ప మీద ఉండలు కడుతుంది. పొడిగా ఉన్నది ఒక్కటే, అప్పుడే కాబేరి రెప్పల మీద నుంచి తీసినది. కేతకి దాన్ని స్పిరిట్ గుడ్డతో ఒకసారి అటూ ఇటూ తుడిచి, తితిర్ కళ్ళకి పెట్టేసింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి. తితిర్ అద్దంలో చూసుకుని మురిసిపోయి వెళ్ళింది. కేతకికి మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇప్పుడు ఆ పిల్ల కళ్ళు మందారపువ్వులు.

పెళ్ళింటికి వెళ్ళే దారిలోనే కాబేరి ఇల్లు. కేతకి ముందు అక్కడ తలుపు తట్టింది. తలుపు తీసిన కాబేరిని చూసి కేతకి గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్ళు ఎర్రగా, చెంపల మీదుగా నీళ్ళు ధార.

“నీక్కూడా వచ్చిందా!”

“ఏమొచ్చింది? రావలసింది ఇలిశ చేప. వచ్చింది, ముక్కలు కోశాను,” అంది కాబేరి పైటచెంగుతో ముక్కు తుడుచుకుంటూ. “ఆవాలు పచ్చిమిరపకాయలు వేసి నూరుతున్నా. ఈ ఆవాలు ఏ పొలంలో పండాయో, నాలుగిళ్ళ అవతలున్నవాళ్ళు కూడా ఏడుస్తున్నారు. లోపలికి రా, ఏమిటా మొహం?”

కేతకి ఆమెని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, చన్నీళ్ళతో కడుక్కోమని, రెప్పలు కిందికీ పైకీ తీయించి చూసింది. ఎరుపు నిమిషాల్లో దిగిపోయింది. లోపల తెల్లగా, నిక్షేపంలా ఉన్నాయి.

“దురద? పొద్దున రెప్పలు అంటుకోవడం?”

“ఏమీ లేదు తల్లీ. అసలు సంగతి చెప్పు.”

కేతకి చెప్పింది. కాబేరి అంతా విని, నూరే పొత్రం పక్కనపెట్టి, గొంతు తగ్గించింది.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు.”

“మంచిపని చేశావ్. నోరు కుట్టేసుకో. నీ బ్రష్షుల సంగతి ఊరంతటికీ తెలుసు. నిన్ను నిలదీసేవాళ్ళెవరు? ఆ మినతి పిషి నాలుగు రోజులు అరిచి ఊరుకుంటుంది. నువ్వు ఒప్పుకున్నావంటే మాత్రం రేపటినుంచి ఒక్క పెళ్ళికూతురు నీ ముందు కళ్ళు మూసుకోదు.”

కేతకి లేచింది. “నిజమే. కానీ రేపు ఇంకో పిల్ల కళ్ళు మూసుకుని కూర్చుంటే, నా చేతిలో బ్రష్ ఉన్నట్టు ఉండదు కాబేరీ. కంట్లో పొడిచే పుల్ల ఉన్నట్టుంటుంది.”

“వెళ్ళు అయితే. తిరుగుదారిలో రా, ఒక ముక్క పెడతాను. తిట్లు తిన్నాక ఆకలేస్తుంది.”

పెళ్ళింటి గుమ్మంలో వెదురు పందిరికి బట్ట సగమే కట్టి ఉంది. వాన నీళ్ళు ఆ బట్టలో బానపొట్టలా నిలిచి వేలాడుతున్నాయి. లోపల మంచం మీద తితిర్ ముడుచుకుని కూర్చుంది. రెప్పలు ఉబ్బి, తెల్లగుడ్డు కనబడవలసిన చోట రక్తం రంగు. కేతకిని చూసి నవ్వబోయింది, నీళ్ళు కారాయి.

“కేతకీ దీదీ, నన్ను చూసి అర్ఘ్య పెళ్ళిపీటల మీద నుంచి లేచి పారిపోతాడు.”

“పారిపోకుండా కొంగుముడి ఉంటుంది,” అంది కేతకి.

మినతి పిషి నడుము మీద చేతులు పెట్టుకుని వచ్చింది. “చూశావుగా. కంటికి రంగు పెట్టమంటే నిప్పు పెట్టావు. శుద్ధి శుద్ధి అని నిన్ను ఆకాశానికెత్తారు. నేను అప్పుడే అన్నాను వదినతో, కోల్‌కతా నుంచి ఎవర్నైనా పిలిపిద్దాం అని. వినలేదు. ఊళ్ళో పిల్ల, శుభ్రంగా ఉంటుంది అంది.”

“పిషీ, మీతో ఒక మాట చెప్పాలి. తితిర్‌తో కూడా.” కేతకి చేతులు పమిటలో దాచుకుంది. “ఆదివారం కళ్ళ బ్రష్షులు ఆరలేదు. తితిర్ కంటే ముందు ఇంకొకావిడకి వాడిన బ్రష్‌ని కడగకుండా, స్పిరిట్ గుడ్డతో తుడిచి వాడాను. అలా ఎప్పుడూ చేయను. ఆ రోజు చేశాను. తప్పు నాది.”

ఇంత తేలిగ్గా దొరుకుతుందని పిషి కూడా అనుకోలేదు. తర్వాత తేరుకుంది.

“విన్నారా! విన్నారా అందరూ! తన నోటితోనే అంది!”

ఆ అందరిలో ఉన్నది ఇద్దరే. మూలన చాప మీద కూర్చున్న ఠాకుమా, అంటే తితిర్ నాన్నమ్మ, ఎనభై మూడేళ్ళ మనిషి. ఆవిడ ఒళ్ళో మినతి పిషి మనవరాలు ఝుంపా, నాలుగేళ్ళది. ఠాకుమాకి చెవులు కాస్త తక్కువ. పిషి అరుపు ఆవిడకి అసలు అందలేదు. ఆవిడ పనిలో ఆవిడ ఉంది.

ఆ పని మీద పడింది కేతకి చూపు.

ఠాకుమా ముందు ఇత్తడి కాజల్‌లతా ఉంది. ఆకులా మడిచి మూసే కాటుక భరిణె. గాయేహోలుద్ నాడు పసుపు రాసింది మొదలు పెళ్ళయ్యేదాకా పెళ్ళికూతురు చేతిలోంచి దించకూడనిది. అది ఠాకుమా తన పెళ్ళికి పట్టుకున్నదే. ఆవిడ చూపుడువేలు అందులో ముంచి, ఝుంపా ఎడమ కన్ను తెరిచి గీసింది. కుడి కన్ను గీసింది. పిల్ల రెప్పల చివర పుసి ఎండి పచ్చగా అతుక్కుని ఉంది. ఆ వేలే మళ్ళీ భరిణెలో తిప్పి, తన కళ్ళకి పెట్టుకుంది. మళ్ళీ ముంచి, చాప మీది నుంచి పాకుతూ మంచం దగ్గరికి వచ్చి, “ఇటు రావే తితిర్, చలవ చేస్తుంది,” అంటూ చెయ్యి చాచింది.

“ఆగండి ఠాకుమా!”

కేతకి ఆ చేతిని గాలిలోనే పట్టుకుంది. అంత గట్టిగా పట్టుకుంది గనుక ఆవిడకి చెవులతో పని లేకుండానే అర్థమైంది.

“ఈ కాటుక ఎప్పటినుంచి పెడుతున్నారు?”

“ఆఁ?”

“కాటుక! ఎప్పటినుంచీ!”

“సోమవారం ఆయిబుడోభాత్ పెట్టాం కదా, పిల్లకి ఆఖరి పుట్టింటి భోజనం. ఇంతమంది చూపు పడింది, దిష్టి తగలకుండా నేతిదీపం మీద పట్టాను. రోజుకి మూడుసార్లు పెడుతున్నాను. కళ్ళు ఎర్రబడ్డాక నాలుగుసార్లు.”

“ఝుంపాకి కూడానా?”

“దానికే ముందు. పాపం శనివారం బర్ధమాన్ నుంచి వచ్చినప్పుడే కళ్ళు తెరవలేకపోయింది. గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి తెరిచాను.”

కేతకి మెల్లగా పిషి వైపు తిరిగింది. తితిర్ కూడా, ఉబ్బిన కళ్ళతోనే, తిరిగింది.

“శనివారమా, పిషీ?” అంది తితిర్. “నా ట్రయల్ ఆదివారం.”

మినతి పిషి కొంగు సర్దుకుంది. “దానిది జయ్ బాంగ్లా ఎందుకవుతుంది? కిటికీ పక్కన కూర్చుంది. రైల్లో దుమ్ము.”

“ఐదు రోజుల దుమ్మా?”

“మా బర్ధమాన్ లైన్లో దుమ్ము అలాగే ఉంటుంది,” అంది పిషి. అని తన ఎడమ కన్ను నలుపుకుంది. నలుపుకుని, నలుపుకుంటున్నానని గుర్తొచ్చి, చెయ్యి దించేసింది.

తితిర్ ఫక్కున నవ్వింది. నవ్వితే కళ్ళు మండాయి, మండితే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

కానీ కేతకి నవ్వలేదు. పిల్లది శనివారమే తెచ్చిన మాట నిజం. తన బ్రష్ కడగని మాట కూడా నిజం. రెండింట్లో దేనివల్ల వచ్చిందో తేల్చేది తాను కాదు. స్టేషన్ రోడ్డులో కళ్ళ డాక్టరు దగ్గరికి రిక్షాల్లో అందరినీ తీసుకెళ్ళింది. పిషి తనకేమీ లేదంటూనే చివరి రిక్షా ఎక్కింది.

డాక్టరు టార్చి వేసి ఝుంపాని చూశాడు, ఠాకుమాని చూశాడు, తితిర్‌ని చూశాడు. పిషిని చూడబోతే ఆవిడ నల్లకళ్ళద్దాలు పెట్టేసుకుంది. ఆయన కాటుక సంగతంతా విని తల పట్టుకున్నాడు. కేతకి తన బ్రష్ సంగతి కూడా దాచకుండా చెప్పింది.

“ఆ బ్రష్ ముందు వాడింది ఎవరికి? ఆవిడ ఎలా ఉంది?”

“ఇవాళ పొద్దున కళ్ళు తెరిచి చూశాను. శుభ్రంగా ఉంది. ఆవాలు నూరుతోంది.”

“ఆవిడకి లేనిది బ్రష్ ఎక్కడినుంచి మోసుకొస్తుందమ్మా? ఇది ఈ పిల్ల నుంచి, ఈ పెద్దావిడ వేలి మీదుగా వచ్చింది.” కేతకి ఊపిరి వదిలేలోపే ఆయన వేలు చూపించాడు. “అలాగని చంకలు గుద్దుకోవద్దు. మీరు చేసింది తప్పే. ఆవిడకి ఉండి ఉంటే మీరే అంటించేవారు. ఈసారి అదృష్టం.”

“తెలుసండీ.”

“చుక్కలు రాస్తాను. ఎవరి తువ్వాలు వాళ్ళది, ఎవరి దిండు వాళ్ళది. ఎల్లుండికి వాపు దిగుతుంది, ఎరుపు కాస్త ఉంటుంది. పెళ్ళి చేసుకోవచ్చు. ఒక వారం కళ్ళకి మాత్రం కాటుక వద్దు, రంగు వద్దు.”

బయటికి వచ్చాక కేతకి మందుల షాపు ముందు బల్ల మీద కూర్చుండిపోయింది. ఆదివారం సాయంత్రం నుంచి గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయింది. ఠాకుమా వచ్చి పక్కన కూర్చుంది. తితిర్ ఆవిడ చెవిలో అంతా అరిచి చెప్పినట్టుంది.

“అయితే నా వేలేనన్నమాట.”

“వానాకాలం ఠాకుమా. ఎటుతిరిగీ వస్తుంది.”

“నన్ను ఊరడించకు. నిన్నటినుంచి నిన్ను రెండుసార్లు తిట్టుకున్నాను. అవి వెనక్కి తీసుకుంటున్నా.” ఆవిడ వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంది. “మూడుసార్లు. ఒకటి పొద్దున తిట్టాను.”

కేతకి ఈసారి నవ్వింది. నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది.

కాబేరి పెట్టిన ఇలిశ ముక్క తిని, ఇంటికి వెళ్ళి శిబేన్‌కి మొదటినుంచీ చెప్పింది. అతను విని లేచాడు. అటక మీది నుంచి పెద్ద బిస్కట్ డబ్బా దించి, మూతకి చిల్లులు పొడిచి, ఒక మూల చిన్న బల్బు బిగించాడు. పైన అడ్డంగా తీగ కట్టాడు.

“కోడిపిల్లల్ని పొదిగించినట్టు పొదిగించు. వేడి తగలకూడదు, వెచ్చదనం తగలాలి, అంతేగా? ఇంక వాన ఎంత కురిస్తే మనకేం?”

“ముందే ఎందుకు చేసి ఇవ్వలేదు?”

“ముందే ఎందుకు చెప్పలేదు?”

శుక్రవారం పొద్దుటికి డబ్బాలోని బ్రష్షులు నెమలీకల్లా పొడిగా ఉన్నాయి. పెళ్ళింట్లో కేతకి మొట్టమొదట చేసిన పని కాజల్‌లతాని చింతపండుతో తోమి, మరిగే నీళ్ళలో పావుగంట ఉడికించడం. ఠాకుమా చూస్తూ నిలబడింది.

“ఖాళీది పెళ్ళికూతురి చేతిలో పెడతారా ఎవరైనా?”

“చేతిలో ఉండాలన్నారు మీ పెద్దవాళ్ళు. కంట్లో ఉండాలన్నారా?”

ఠాకుమా ఆలోచించింది. “లేదు,” అంది. “చేతిలోనే అన్నారు.” మెరుస్తున్న భరిణెని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “నా పెళ్ళి నాడు కూడా ఇంత మెరవలేదు.”

సాయంత్రం తితిర్ ముందు కూర్చుంటే, ఆ పిల్ల కళ్ళు మూసుకునే ముందు కేతకి పెట్టె తెరిచి చూపించింది. ప్రతి బ్రష్ విడివిడిగా తెల్లగుడ్డలో చుట్టి ఉంది.

“చూపించక్కర్లేదు దీదీ,” అంది తితిర్.

“నాకు అక్కర ఉంది.”

వాపు దిగింది. డాక్టరు చెప్పినట్టే ఎరుపు ఇంకా కొంచెం ఉంది. కళ్ళ జోలికి పోకుండా, కేతకి శ్రద్ధంతా నుదుటి మీద పెట్టింది. కనుబొమల పైనుంచి చెంపల దాకా చందనపు చుక్కలు, తీగలు, చిన్న చిన్న పువ్వులు. వాటిని దిద్దేది లవంగం తలతో. చందనంలో ముంచడం, అద్దడం, మొద్దుబారగానే పారేసి ఇంకొకటి తీయడం. వాళ్ళమ్మ నేర్పినప్పటి నుంచీ అలాగే చేస్తోంది. కడగక్కరలేని, ఆరబెట్టక్కరలేని బ్రష్ ఒక్కటి తన పెట్టెలో ఎప్పుడూ ఉందని ఆ రోజే తోచిందామెకి.

శంఖాలు మోగాయి. అన్నదమ్ములు పీట మీద కూర్చోబెట్టి ఎత్తిన తితిర్, రెండు తమలపాకులతో కళ్ళు కప్పుకుని పెళ్ళికొడుకు చుట్టూ ఏడుసార్లు తిరిగింది. ఇంత ఎర్రకళ్ళకి ఇంతకంటే మంచి ఆచారం ఉండదు. ఇద్దరూ ఒకరినొకరు మొదటిసారి చూసుకునే శుభదృష్టి వేళకి మాత్రం ఆకులు తీయక తప్పదు. తితిర్ ఆకులు ఇంకొంచెం గట్టిగా అదుముకోవడం కేతకి దూరం నుంచే చూసింది. ఆకులు తీసింది. ఎదురుగా పెళ్ళికొడుకు అర్ఘ్య నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు. అతని వెనక మగపెళ్ళివారి కుర్రాళ్ళంతా వరసగా నల్లకళ్ళద్దాలే. కళ్ళకలక సంగతి వాళ్ళకి ముందే చేరినట్టుంది. పందిరి గొల్లుమంది. అర్ఘ్య కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, నిదానంగా, తీరుబడిగా చూశాడు. తితిర్ చూసింది. ఆ ఎరుపు ఎవరికీ గుర్తులేదు.

భోజనాల దగ్గర మినతి పిషి కేతకి భుజం తట్టింది. నల్లకళ్ళద్దాలు ఇంకా తీయలేదు.

“కేతకీ, ఫోటోలు తీస్తున్నారు. నా బుగ్గలకి కాస్త మెరుపు పుయ్యి. కానీ నీ బ్రష్‌తో వద్దు. నాది నేను తెచ్చుకున్నాను. ఒకరిది నేను వాడను, నాది ఒకరికివ్వను.”

సంచిలోంచి పిడి పగిలిన లావుపాటి బ్రష్ తీసింది. “నా పెళ్ళప్పుడు అన్నయ్య కొనిచ్చింది.”

కుచ్చు వెంట్రుకలు అట్టకట్టి, చాక్లెట్ రంగులో ఉన్నాయి. కేతకి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంది. “ఎప్పుడైనా కడిగారా, పిషీ?”

“కడగడమెందుకు? వాడేది నేనొక్కదాన్నే కదా.”

కేతకి దాన్ని గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టేసింది. పిషి బుగ్గలకి కొత్త దూదితో మెరుపు అద్దింది. బ్రష్ ఆదివారం ఇస్తానంది.

ఆదివారం పొద్దున వాన వెలిసింది. బాల్కనీలో ఎండ పీట దాకా వచ్చింది. పిషి బ్రష్‌ని షాంపూతో తిప్పితే మొదటి నీళ్ళు టీ డికాక్షన్‌లా వచ్చాయి. రెండోసారీ అంతే. ఐదోసారికి నీళ్ళు తేటపడ్డాయి. కేతకి బ్రష్ ఎత్తి ఎండలో చూసి, ఫోన్ తీసింది.

“పిషీ, మీ బ్రష్ కడిగాను. ఎంత బాగుందో. పాలలా తెల్లటి కుచ్చు.”

“తెల్లదేమిటి? నాది చాక్లెట్ రంగుది. అది ఎవరిదో కనుక్కుని ఇచ్చెయ్ కేతకీ. నాది జాగ్రత్తగా వెతికి పెట్టు.”